వైరస్‌లు, లింఫోమా: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్టు రాయడం నా పని. రిపోర్టు చేతికొచ్చాక కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇవి. కాకినాడ వాళ్లైనా, అమలాపురం వాళ్లైనా, నరసాపురం వాళ్లైనా మొదట అడిగేది ఒకటే: "ఇది వైరస్ వల్ల అంటున్నారు, మా పిల్లలకి అంటుకుంటుందాండీ?" లింఫోమా అంటుకోదు. మిగతాది చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నా దిగులు వేరే ఉంది. వైరస్ అనగానే ఇంత టెన్షన్ పడే ఇళ్లలోనే మెడ మీద బిళ్లని నెలల తరబడి చూస్తూ ఊరుకుంటున్నారు.

లింఫోమా అంటే బ్లడ్ కేన్సరేనా?

ఆ కుటుంబానికి చెందిందే. తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అని ఒక రకం ఉంటాయి, రోగాలతో పోరాడేవి ఇవే. మెడ, చంకలు, గజ్జలు, ఛాతీ, పొట్ట లోపల ఉండే లింఫ్ గ్రంథుల్లో ఎక్కువగా కాపురం ఉంటాయి. మన వైపు "బిళ్ల కట్టింది" అనేది ఈ గ్రంథులు వాచినప్పుడే. ఆ లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగితే లింఫోమా. హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్ అని రెండు పెద్ద తెగలు, రెండో తెగలో పదుల కొద్దీ రకాలు. వీటిలో చాలావాటికి ఏ వైరస్‌తోనూ సంబంధం కనపడదు.

వైరస్ వల్ల జ్వరం వస్తుంది గానీ కేన్సర్ ఎలా వస్తుంది?

ఒకే దారిలో రాదు. కొన్ని వైరస్‌లు నేరుగా లింఫోసైట్‌లో దూరి, జీవితాంతం అక్కడే మకాం వేస్తాయి. ఎప్‌స్టీన్ బార్ వైరస్, అంటే ఈబీవీ, అలాంటిది. లింఫోసైట్ మామూలుగా అవసరం వచ్చినప్పుడు పెరుగుతుంది, పని అయ్యాక ఆగుతుంది. ఈబీవీ తయారుచేసే ఎల్ఎంపీ-1 అనే ప్రోటీన్ ఆ ఆగడం అనేదాన్ని దెబ్బతీస్తుంది. కాలవ తూము తలుపు ఎత్తి, మళ్లీ దించకపోతే చేలోకి నీళ్లు పారుతూనే ఉన్నట్టు, కణానికి "పెరుగు" అనే సంకేతం అందుతూనే ఉంటుంది. హెచ్‌టీఎల్‌వీ-1, హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్‌లు కూడా ఇలా కణం లోపలే ఉండి పనిచేసేవే.

హెపటైటిస్ సి పద్ధతి వేరు. అది ఒంట్లో ఏళ్ల తరబడి ఉండి లింఫోసైట్లని రోజూ రెచ్చగొడుతుంది. కణాలు విడిపోతూ, విడిపోతూ ఉంటే ఎప్పుడో ఒకసారి జన్యువుల్లో తప్పు పడుతుంది. హెచ్ఐవీ ఇంకో రకం. అది కేన్సర్ కణాన్ని తయారు చేయడం కంటే, ఈబీవీ లాంటి వాటిని అదుపులో పెట్టే రోగనిరోధక శక్తిని తినేస్తుంది.

ఏ దారిలో వచ్చినా, వైరస్ ఒక్కటీ చాలదు. ఉదాహరణకి బర్కిట్ లింఫోమాలో 8వ క్రోమోజోమ్ మీద ఉండే మిక్ అనే జన్యువు తెగి, ఎక్కువసార్లు 14వ క్రోమోజోమ్‌కి అతుక్కుంటుంది. ఆ ప్రమాదం జరగకపోతే ఈబీవీ ఉన్న కణం కూడా కేన్సర్ కాదు. అందుకే వైరస్ కోట్లమందిలో ఉంటుంది, జబ్బు కొద్దిమందికే వస్తుంది.

ఈ సంగతి అసలు ఎలా బయటపడింది?

ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ దగ్గరికి దవడలు విపరీతంగా వాచిన పిల్లలు వచ్చేవారు. 1958లో ఆయన ఆ జబ్బు గురించి రాశాడు. తర్వాత పాత కారులో వేల మైళ్లు తిరిగి, ఏ ఊళ్లలో ఈ పిల్లలు ఉన్నారో మ్యాపు గీస్తే, అది వేడి, వానలు ఎక్కువగా ఉండే మలేరియా ప్రాంతంతో దాదాపు సరిపోయింది. 1961లో లండన్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, దీని వెనక వైరస్ ఉండొచ్చని పట్టుదలగా వెతికాడు. ఉగాండా రాజధాని కంపాలా నుంచి గడ్డ ముక్కలు విమానంలో తెప్పించుకునేవాడు. ఒకసారి పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌లో దిగింది. ముక్క ఆలస్యంగా చేరేసరికి సీసాలో నీళ్లు మసకబారాయి. పాడైపోయిందని పారేయకుండా చూస్తే, ఆ మసకంతా బతికున్న కేన్సర్ కణాలే. వాటిని ల్యాబ్‌లో పెంచి, 1964లో ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వైరస్‌ని చూశారు. మనిషి కేన్సర్‌లో కనిపించిన మొదటి వైరస్ అదే. ఆ ముక్క సమయానికి చేరి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

అయితే నాకూ ఈబీవీ ఉందా? టెస్టు చేయించుకోవాలా?

ఉండే ఉంటుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈ వైరస్ ఉంది. ఉమ్ము ద్వారా వస్తుంది. మన ఇళ్లలో అమ్మమ్మ నమిలి పెట్టిన ముద్ద, ఒకే గ్లాసు, పసిపిల్లల ముద్దులు, వీటితో చిన్నప్పుడే వచ్చేస్తుంది. మామూలు జలుబు జ్వరంలా వచ్చి పోతుంది, చాలామందికి అదీ తెలియదు. టీనేజ్‌లో మొదటిసారి వస్తే గొంతు నొప్పి, జ్వరం, మెడలో బిళ్లలు, వారాల కొద్దీ నీరసం ఉంటాయి. దాన్ని ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అంటారు. ఇలా జబ్బుగా వచ్చినవాళ్లలో తర్వాత కొన్నేళ్లలో హాడ్జ్‌కిన్ వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఆ పెరిగిన అవకాశం కూడా సుమారు వెయ్యిమందిలో ఒకరికి.

కాబట్టి ఒంట్లో బాగున్నవాళ్లు ఈబీవీ రక్తపరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. పాజిటివ్ వస్తుంది, నిద్ర పోతుంది, చేయగలిగింది ఏమీ ఉండదు.

మా ఆయనకి హాడ్జ్‌కిన్ అన్నారు. కంచం, దుప్పటి వేరు చేశాం. పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదు. సరైనదేనా?

వేరు చేయక్కర్లేదమ్మా. ఆయన జబ్బు వెనక ఈబీవీ ఉన్నా, మీరు, పిల్లలు ఆ వైరస్‌ని ఎప్పుడో పలకరించేసి ఉంటారు. కేన్సర్ కణం ఒకరి నుంచి ఇంకొకరికి అన్నం ద్వారా, శ్వాస ద్వారా, కాపురం ద్వారా వెళ్లదు. కీమో రోజుల్లో జాగ్రత్త అవసరమే, కానీ అది ఆయన కోసం. తెల్లకణాలు తగ్గిపోయి ఉంటాయి కనుక జలుబు, జ్వరం ఉన్నవాళ్లు ఆయన దగ్గరికి రాకూడదు. కంచం వేరు చేసిన ఇంట్లో మనిషి సగం తిండి మానేస్తాడు. ఆ బరువు తగ్గడం మాకు చికిత్సలో కనపడుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని తినిపించండి.

హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంగతిలో మాత్రం రక్తం, సూదులు, బ్లేళ్లు, సంభోగం విషయంలో జాగ్రత్త కావాలి. వాటికి కూడా కంచంతో పని లేదు.

దోమల వల్ల వస్తుందా? మా ఊళ్లో బోదకాలు ఎక్కువ.

ఆఫ్రికాలో బర్కిట్ లింఫోమా వెనక ఈబీవీతో పాటు, ఏడాది పొడుగునా పదే పదే వచ్చే ఫాల్సిపారమ్ రకం మలేరియా కూడా ఉంది. మలేరియా పిల్లల్లో లింఫోసైట్లని ఉధృతంగా విడగొట్టి, ఈబీవీ మీద ఉన్న పట్టుని సడలిస్తుంది. డెల్టాలో అంత మలేరియా లేదు.

బోదకాలు తెచ్చేది క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే సన్నటి పురుగు. వైరస్ కాదు, లింఫోమాకి కారణమూ కాదు. చిక్కల్లా ఏంటంటే, గజ్జల్లో బిళ్ల కడితే మన ఊళ్లలో పెద్దవాళ్లు "ఫైలేరియా జ్వరంలే, అమావాస్యకి వస్తుంది, పోతుంది" అని తేల్చేస్తారు. ఫైలేరియా బిళ్ల నొప్పి పెడుతుంది, చలి జ్వరంతో వస్తుంది, కొన్నాళ్లకి తగ్గుతుంది. నొప్పి లేకుండా, రబ్బరులా గట్టిగా, తగ్గకుండా ఉండే బిళ్లని ఆ లెక్కలో వేయకండి.

రొయ్యల చెరువులో వైట్ స్పాట్ వైరస్ పడింది. ఆ నీళ్లలో దిగాను. మాకేమైనా అవుతుందా?

అవ్వదు. వైట్ స్పాట్ వైరస్ రొయ్యలు, పీతల లాంటి జాతుల్నే పట్టుకుంటుంది, మనిషికి రాదు. చెరువుల్లో, చేలల్లో పురుగుమందులు వాడేవాళ్లకి కొన్ని రకాల లింఫోమా అవకాశం కాస్త ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అది వేరే సంగతి, కానీ గ్లవ్స్, మాస్కు లేకుండా మందు కలపొద్దని ఇక్కడే చెప్పేస్తున్నాను.

కోళ్లఫారంలో పని చేస్తాను. మారెక్స్ వచ్చిన కోడిని కోస్తే లోపలంతా గడ్డలున్నాయి. అది కేన్సరేనా?

కేన్సరే, అదీ లింఫోమానే. అనపర్తి, తణుకు వైపు ఫారాల వాళ్లు ఈ ప్రశ్న అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే వైరస్‌కీ లింఫోమాకీ ఉన్న సంబంధాన్ని వాళ్లు కళ్లారా చూసినవాళ్లు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి లేవలేక పడిపోయిన కోడి, కోస్తే కాలేయం నిండా తెల్లటి గడ్డలు. 1907లో హంగేరీ పశువైద్యుడు జోసెఫ్ మారెక్ మొదట వివరించిన జబ్బు ఇది. కారణం ఈబీవీ లాగే హెర్పిస్ కుటుంబపు వైరస్. 1970 ప్రాంతంలో దీనికి టీకా వచ్చింది. ఏ ప్రాణిలోనైనా కేన్సర్‌ని ఆపిన మొదటి టీకా అదే. హేచరీలో గుడ్డు పగిలిన రోజే, ఇంకా రెక్కలు ఆరీ ఆరని పిల్లని ఎడమచేత్తో పట్టుకుని మెడ వెనక చర్మం కింద వేసే సూది అదే.

మారెక్స్ మనుషులకి రాదు. ఆ మాంసం ముట్టుకున్నా రాదు.

గల్ఫ్ వెళ్దామని మెడికల్‌కి వెళ్తే హెపటైటిస్ బి పాజిటివ్, అన్‌ఫిట్ అన్నారు. లింఫోమా కూడా వస్తుందా?

కోనసీమ, పాలకొల్లు, నరసాపురం కుర్రాళ్లు చాలామందికి తమలో ఈ వైరస్ ఉందని తెలిసేది ఆ మెడికల్‌లోనే. వీసా పోయిందన్న బాధలో అసలు సంగతి వదిలేస్తారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అవకాశం మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపు. లింఫోమా అరుదైన జబ్బు కాబట్టి రెట్టింపైనా అది చిన్న సంఖ్యే. మీకు అసలు ప్రమాదం కాలేయానికి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది), కాలేయ పరీక్షలు, స్కానింగ్ చేయించుకుని, డాక్టర్ అవసరం అంటే టెనోఫోవిర్ లాంటి మాత్ర రోజూ వేసుకోవాలి. పసరు మందు తాగి ఊరుకోవద్దు. అది మామూలు పచ్చకామెర్లలో వాటంతట అవే తగ్గిన వాళ్ల పుణ్యాన పేరు తెచ్చుకుంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకి టీకా వేయించండి.

హెపటైటిస్ సి అయితే ఇంకా మంచి వార్త. చాలామందికి మూడు నెలల మాత్రలతో వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

లింఫోమాకి కీమో మొదలుపెట్టేముందు మళ్లీ హెపటైటిస్ టెస్టు ఎందుకు?

దీన్ని ఎవరూ దాటవేయకూడదు. చాలా లింఫోమాల్లో కీమోతో పాటు ఇచ్చే రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్, లింఫోసైట్లలో బి రకం వాటిని తుడిచేస్తుంది. ఎప్పుడో తగ్గిపోయిందనుకున్న హెపటైటిస్ బి కాలేయంలో దాక్కుని ఉంటే, కాపలా పోగానే విజృంభిస్తుంది. లింఫోమా తగ్గుతూ ఉండగా కాలేయం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అందుకే ఇప్పుడు వైరస్ ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే కాకుండా, ఎప్పుడైనా వచ్చి పోయిందా అని చూసే యాంటీ హెచ్‌బీసీ కూడా చేయాలి. ఏది పాజిటివ్ వచ్చినా యాంటీవైరల్ మాత్ర ముందే మొదలుపెట్టి, కీమో అయ్యాక కూడా కనీసం ఏడాది కొనసాగిస్తారు. కీమో అయిపోయింది కదా అని ఆ మాత్ర మీకు మీరు మానేయొద్దు.

హెచ్ఐవీ ఉన్నవాళ్లకి తప్పకుండా వస్తుందా?

రాదు. హెచ్ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడితే, ఆ వైరస్ తినేసే సీడీ4 అనే తెల్లకణాలు నిలబడతాయి, లింఫోమా అవకాశం బాగా పడిపోతుంది. పూర్తిగా పోదు, కాబట్టి బిళ్ల కనిపిస్తే ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పాలి. ఉభయ గోదావరి జిల్లాల్లో హెచ్ఐవీ భారం ముందునుంచీ ఎక్కువే. ఊళ్లో ఎవరైనా చూస్తారని పక్క జిల్లా సెంటర్‌కి వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లున్నారు. ఎక్కడ తెచ్చుకున్నా ఫర్వాలేదు, మానొద్దు. లింఫోమా వచ్చినా ఏఆర్‌టీతో పాటే కీమో ఇస్తారు, తగ్గేవాళ్లు తగ్గుతున్నారు.

హెచ్‌టీఎల్‌వీ-1, హెచ్‌హెచ్‌వీ-8 గురించి భయపడాలా?

మన దగ్గర రెండూ అరుదు. మొదటిది నైరుతి జపాన్, కరీబియన్ దీవుల్లో ఎక్కువ, తల్లిపాల ద్వారా పిల్లలకి వస్తుంది. నాగసాకిలో 1987 నుంచి వైరస్ ఉన్న తల్లులకి పాలివ్వొద్దని సలహా ఇచ్చి దాన్ని బాగా తగ్గించారు. ఆ వార్త చదివి ఇక్కడి తల్లులు పాలు మానేయకండి. రెండోది ఎక్కువగా హెచ్ఐవీ ఉన్నవాళ్లలోనే జబ్బు చేస్తుంది.

మెడ మీద బిళ్ల ఉంది. టీబీ అని మందులు ఇచ్చారు. మూడు నెలలైంది, తగ్గలేదు. ఆగాలా?

ఆగొద్దు. నేను ఈ పేజీ రాయడానికి సగం కారణం ఈ ప్రశ్నే.

వరస ఇలా నడుస్తుంది. మొదట గవదబిళ్లలని వేపాకు పసుపు పట్టు వేస్తారు. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్‌తో పాటు డెక్సా ఇంజెక్షన్. రెండు రోజుల్లో బిళ్ల కరిగినట్టు అవుతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. అది లింఫోమా కణాల్ని కొన్నాళ్లు చంపుతుంది, జబ్బుని కాదు. ఆ సమయంలో ముక్క తీసి పంపితే నాకు మైక్రోస్కోప్ కింద చచ్చిన కణాలే కనపడతాయి, పేరు పెట్టలేను. మళ్లీ బిళ్ల పెరిగేదాకా ఆగి, మళ్లీ కోయాలి. పోయిన ఆ నెలల్లో ఒకచోట ఉన్నది ఛాతీలోకి, ప్లీహంలోకి పాకుతుంది.

ఆ తర్వాత సూది టెస్టు. సన్నసూదితో నాలుగు కణాలు లాగి చూడటం. టీబీకి చాలాసార్లు సరిపోతుంది, లింఫోమాకి చాలదు. హాడ్జ్‌కిన్‌లో కేన్సర్ కణాలు వెయ్యి మామూలు కణాల మధ్య ఒకటీ అరా ఉంటాయి, సూదికి దొరకవు. ఆ గ్రంథిలో టీబీలో లాంటి గ్రాన్యులోమాలు, అంటే కణాలు గుంపుకట్టిన చిన్న ముద్దలు కూడా ఉండొచ్చు. రిపోర్టులో "గ్రాన్యులోమా" అన్న మాట చూసి ఆరు నెలల టీబీ కోర్సు మొదలైపోతుంది.

మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్ టీబీ అనుకోవడం తప్పు కాదు. టీబీ అనే పేరుకి రుజువు అడగడం మీ హక్కు. ముక్కలో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష చేశారా, క్రిమి కనపడిందా అని అడగండి. టీబీ మందులు వాడుతున్నా రెండు నెలలకి బిళ్ల తగ్గకపోయినా, కొత్తవి వచ్చినా, గ్రంథి మొత్తం తీసి బయాప్సీ చేయమనండి. టీబీ మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపకండి.

నొప్పి లేని బిళ్ల మూడు వారాలు దాటితే చూపించాలి. రాత్రిపూట లుంగీ, దిండు తడిసేంత చెమట, కారణం తెలియని జ్వరం, ఆరు నెలల్లో పదోవంతు బరువు తగ్గడం, వీటిలో ఏది తోడైనా మూడు వారాలు కూడా ఆగొద్దు. సెగ్గడ్డ అయితే ఎర్రగా, సలుపుతూ ఉంటుంది. నొప్పి లేదు కదా అని ధైర్యంగా ఉండటమే ఇక్కడ ప్రమాదం.

కత్తి తగిలితే కేన్సర్ పాకుతుందట కదా?

పాకదు. లింఫోమాలో ఆపరేషన్ చేసేది జబ్బుకి పేరు పెట్టడానికి, నయం చేయడానికి కాదు. కోసినందువల్ల ముదిరింది అనిపించడానికి కారణం, ముదిరాకే కోయించుకోవడం.

రిపోర్టులో "ఈబర్ పాజిటివ్" అని ఉంది. అంటే ప్రాణం మీదికొచ్చిందా?

కాదు. కేన్సర్ కణాల్లో ఈబీవీ ఉందో లేదో చూసే పరీక్ష అది. పాజిటివ్ అయితే స్లైడ్ మీద చుట్టూ ఉన్న చిన్న కణాలన్నీ లేతగా ఉండి, రెండు కేంద్రకాల పెద్ద కణం ఒక్కటే ముదురు రంగులో నిలబడి కనపడుతుంది. మన దేశంలో పిల్లల హాడ్జ్‌కిన్‌లో ఎక్కువ శాతం ఈబర్ పాజిటివే. చికిత్స మారదు, పిల్లల్లో నయమయ్యే అవకాశం కూడా చాలా బాగుంటుంది. ముక్కు లోపల వచ్చే ఎన్‌కే/టీ లింఫోమా లాంటి రకాల్లో మాత్రం ఈ పరీక్ష జబ్బు పేరునే నిర్ణయిస్తుంది. ముక్కు ఒకవైపే మూసుకుపోయి, పుండుపడి, రక్తం వస్తూ ఉంటే సైనస్ అనుకుని నెలలు గడపకండి.

వైరస్‌ని చంపితే లింఫోమా పోతుందా?

ఒక్కోసారి పోతుంది. 2002లో ఫ్రాన్స్ డాక్టర్లు ప్లీహంలో నెమ్మదిగా పెరిగే ఒక లింఫోమా ఉండి, హెపటైటిస్ సి కూడా ఉన్నవాళ్లకి వైరస్ మందు మాత్రమే ఇచ్చారు. చాలామందిలో లింఫోమా కూడా వెనక్కి తగ్గింది. ఇప్పుడు అలాంటి రకాల్లో తొందర లేకపోతే ముందు వైరస్‌కే మందు ఇస్తారు. కిడ్నీ మార్పిడి తర్వాత ఈబీవీతో వచ్చే లింఫోమాలో కొందరికి రోగనిరోధక శక్తిని అణిచే మందుల మోతాదు తగ్గిస్తేనే గడ్డ కరుగుతుంది. ఈబీవీ హాడ్జ్‌కిన్‌కి మాత్రం ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ వైరస్ మాత్రలు పనిచేయవు. కణం లోపల నిద్రలో ఉన్న వైరస్‌ని ఆ మందు ముట్టుకోలేదు. దానికి కీమోనే.

టీకా ఉందా?

ఈబీవీకి ఇంకా లేదు. హెపటైటిస్ బికి ఉంది. పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్‌లో కలిపి. ఏఎన్ఎం కార్డులో పుట్టిన రోజు డోసు గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎంత?

బయాప్సీకి కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది. చికిత్సకి విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో కేన్సర్ చికిత్స ఉంది. ఏ ఆస్పత్రిలో ఏది వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రని అడగండి. పొలం తాకట్టు పెట్టేముందు ఈ పని చేయండి. బయాప్సీ బ్లాకు, స్లైడ్లు మీవే. వేరే ఊరు వెళ్లేటప్పుడు అడిగి తీసుకెళ్తే మళ్లీ కోయించుకోవాల్సిన పని తప్పుతుంది.

మా బాబుకి కీమో నడుస్తోంది. సంక్రాంతికి ఊరు తీసుకెళ్లొచ్చా?

తెల్లకణాల లెక్క చూసి డాక్టర్ సరేనంటే తీసుకెళ్లండి. కీమో ఎక్కించిన తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కణాలు బాగా తక్కువగా ఉంటాయి. ఆ రోజుల్లో తీర్థాల జనంలోకి వద్దు. చుట్టాల పిల్లల్లో ఎవరికైనా ఆటలమ్మ పోసి ఉంటే ఆ ఇంటికి అసలు వద్దు, పొరపాటున కలిస్తే అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయండి. పచ్చి కొబ్బరినీళ్లు అప్పుడే కొట్టించి తాగించొచ్చు, రోడ్డు పక్క చెరుకురసం వద్దు. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, బయల్దేరిపోండి. దగ్గర్లో ఏ ఆస్పత్రి రాత్రంతా తెరిచి ఉంటుందో ఊరు వెళ్లేముందే కనుక్కుని, కీమో కాగితాలు సంచిలో పైనే పెట్టుకోండి.